షటిల్ కోచింగ్‌కి ఏ బడి పద్ధతి మేలు: ర్యాంకా, నిచ్చెనా?

మా కాలనీ ఇండోర్ స్టేడియంలో సాయంత్రం 6 గంటల బ్యాచ్‌కి 24 మంది పిల్లలు, రెండు కోర్టులు, ఒక కోచ్, ఆయనకు సాయంగా ఒక సీనియర్ కుర్రాడు. ఒకరోజు పనిగట్టుకుని లెక్కపెట్టాను. గంటలో మావాడు కొట్టినవి నలభై షాట్లు కూడా లేవు. మిగతా సేపంతా లైన్లో నిలబడి ముందువాడి బ్యాగు జిప్పు లాగుతూ ఉన్నాడు.

ఇంతమందికి ఒక్కరే చెప్పాల్సి రావడం బడులకు పాత బాధే. వాళ్లు దానికి రెండు దారులు వెతుక్కున్నారు.

ఒకటి కార్పొరేట్ కాలేజీలది. వారం వారం టెస్టు, టెస్టుకో ర్యాంకు, ర్యాంకును బట్టి సెక్షన్. మా కోచ్‌దీ ఇదే దారి. నెలకోసారి మ్యాచ్‌లు పెడతారు. గెలిచినవాళ్లు ఆయన కోర్టుకి, ఓడినవాళ్లు సీనియర్ కుర్రాడి కోర్టుకి. పోటీ అలవాటవుతుంది, కాదనను. కానీ వయసు గ్రూపుల పోటీల్లో లెక్క సాధారణంగా జనవరి 1 నుంచి కడతారు కాబట్టి, జనవరిలో పుట్టినవాడూ డిసెంబరులో పుట్టినవాడూ ఒకే గుంపులో ఆడతారు. పదేళ్ల వయసులో ఆ పదకొండు నెలల తేడా ఎత్తులోనే కనిపిస్తుంది. అప్పుడిచ్చే ర్యాంకు ఆటకా, ఎత్తుకా? పైగా ఓడినవాడికే కోచ్ దూరమవుతాడు. అసలు నేర్పాల్సింది వాడికి కదా!

రెండోది మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం పద్ధతి. ఒకే గది, ఒకే టీచరు, నాలుగైదు తరగతుల పిల్లలు ఉండే ఊరి బడుల కోసం చేసింది. పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, వరుసను నిచ్చెనలా గోడకు పెట్టారు. కార్డు మీది బొమ్మ గుర్తు చూసి పిల్లలే తమ మెట్టు వెతుక్కుంటారు. కొన్ని పనులు టీచరు దగ్గర, కొన్ని తోటిపిల్లలతో, కొన్ని సొంతంగా. జ్వరమొచ్చి వారం మానేసినా ఆగినచోటే మళ్లీ మొదలు. కర్ణాటక ప్రభుత్వ బడుల్లోని 'నలి కలి' అనే బోధన పద్ధతి దీన్ని చూసి పుట్టిందే.

షటిల్‌కి ఇది చక్కగా అతుకుతుంది. మొదటి మెట్టు గ్రిప్. తర్వాత కింద పడకుండా షటిల్‌ని రాకెట్ మీద 20 సార్లు ఎగరెయ్యడం. ఆపైన షార్ట్ సర్వీస్: నెట్‌కి జానెడు పైన తాడు కట్టి, ఆ సందులోంచి పదికి ఏడు పోవాలి. షటిల్ లేకుండా నాలుగు మూలల ఫుట్‌వర్క్ ఇంకో మెట్టు. మొదటి రెండిటికీ కోర్టే అక్కర్లేదు, వరండా చాలు. కోచ్ కొత్త మెట్టు ఎక్కుతున్నవాళ్ల దగ్గరే ఉండొచ్చు.

చిక్కులూ ఉన్నాయి. మెట్టు దాటకుండానే దాటినట్టు పిల్లలు దొంగ టిక్కులు పెట్టేసుకుంటారు. 19-19 దగ్గర చేతులు వణకడం ఏ కార్డూ పోగొట్టదు, దానికి మ్యాచ్‌లే ఆడాలి.

అందుకే నా ఓటు పన్నెండేళ్ల దాకా నిచ్చెనకే, ఆ తర్వాత టోర్నమెంట్లు కావాలనుకునేవాళ్లకు ర్యాంకు. నార్వేలో పిల్లలకు పదకొండేళ్లు నిండే ఏడాది వచ్చేదాకా ఆటల్లో ర్యాంకులు, ఫలితాల పట్టికలు ఉండవు. అయినా 2018, 2022 శీతాకాల ఒలింపిక్స్‌లో పతకాల పట్టికలో ఆ దేశమే మొదటిది.

ఇదంతా మా కోచ్‌కి చెబితే తల గోక్కున్నారు. "పేరెంట్స్ వచ్చి మావాడి ర్యాంకెంత అంటే ఏం చెప్పాలి సార్?" అన్నారు. కాసేపాగి, "సరే, కార్డులు మీరు రాసివ్వండి, గోడకి నేను అంటిస్తా" అన్నారు. ఎనిమిది రాశాను. తాడు మాత్రం అప్పుడే కట్టేశారు.