ఓట్ కుటూర్, ప్రెతాపోర్తే: రెండూ ఒకటి కాదు

ఫ్యాషన్ వార్తల్లో ఈ రెండు ఫ్రెంచ్ మాటలూ పక్కపక్కనే కనిపిస్తుంటాయి. ‘కుటూర్’ అంటే కుట్టుపని, ‘ఓట్’ అంటే ఉన్నతమైనది. ఓట్ కుటూర్ అంటే ఒక్క మనిషి ఒంటి కొలతలకు, చాలావరకు చేత్తోనే కుట్టే బట్టలు. ముందు చవక నూలుగుడ్డతో నమూనా కుడతారు, దాన్ని ‘త్వాల్’ అంటారు. అది ఒంటి మీద వేసి, గుండుసూదులు గుచ్చి, బిగువూ వదులూ సరిచూశాకే అసలు పట్టుకు కత్తెర పెడతారు. ఈ పని చేసేవాళ్లను ‘పెతీత్ మాఁ’ అంటారు, అంటే చిన్న చేతులని. అంత పెద్ద పనితనానికి అంత చిన్న పేరు నాకు నచ్చదు.

ప్రెతాపోర్తే సంగతి తేలిక: ‘వేసుకోవడానికి సిద్ధం’. అంటే మన రెడీమేడే, సైజుల లెక్కన కుట్టి అమ్ముతారు. 1966లో ఫ్రెంచ్ డిజైనర్ ఈవ్ సాఁ లోరాఁ పారిస్‌లో ‘రీవ్ గోష్’ షాపు తెరిచాక దీని గౌరవం బాగా పెరిగింది.

ఫ్రాన్స్‌లో ఓట్ కుటూర్ అనే పేరుకు 1945 నుంచి చట్టరక్షణ ఉంది. పారిస్‌లో సొంత వర్క్‌షాపు లాంటి షరతులు తీరిస్తేనే ఆ పేరు వాడుకోవాలి. అందుకే ఇక్కడ లెహంగా మీద ‘కుటూర్’ అని కనిపిస్తే, ‘కొలతలు తీసుకుంటారా? ట్రయల్స్ ఎన్ని?’ అని తప్పకుండా అడుగుతాను.