పదేళ్లుగా రెండు సెలీనియంలు: శామీర్‌పేట లేయర్ షెడ్డులో నేను చూసింది

శామీర్‌పేట దగ్గర మాకు పన్నెండు వేల లేయర్ల (గుడ్లు పెట్టే కోళ్ల) ఫారం ఉంది. ఇంటి వెనక ఆరు ముర్రా బర్రెలు. మక్కలు, సోయా చెక్క, తవుడు, సున్నపురాయి, ప్రీమిక్స్ (విటమిన్లు, ఖనిజాల పొడి) తెచ్చుకుని దాణా మేమే కలుపుకుంటాం. అందులో చాలా కొద్దిగా పడాల్సిన ఖనిజం సెలీనియం. దానికోసం మొదటి ఆరేళ్లు సోడియం సెలినైట్ అనే లవణం ఒక్కటే వాడాను. గత నాలుగేళ్లుగా సెలీనియం ఈస్ట్ (సెలీనియం ఒంట పట్టించుకున్న ఈస్ట్ పొడి) కూడా వాడుతున్నాను. రెండిట్లో ఏది మంచిదని తోటి రైతులు ఫోన్ చేస్తే, బ్యాచ్ వయసెంత, ఇది ఏ నెల అని ముందు నేనే అడుగుతాను.

సెలినైట్ నాసిరకం అనే ప్రచారం నాకు నచ్చదు. ఆ ఆరేళ్లలో కోడిపిల్లల చర్మం కింద నీలిపచ్చ నీరు చేరడం నా షెడ్డులో ఒక్కసారి కూడా చూడలేదు. సెలీనియం, విటమిన్ ఇ రెండూ తగ్గితే వచ్చే జబ్బు అది. కణాలు దెబ్బతినకుండా కాపాడే గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ తయారీకి సెలినైట్ నుంచి వచ్చే సెలీనియం కూడా పనికొస్తుంది. పైగా ఖర్చు చాలా తక్కువ. వయసులో ఉన్న బ్యాచ్‌కి, చలికాలంలో, నేను ఇప్పటికీ అదే వేస్తాను.

దానితో వచ్చే భయమల్లా కలపడంలోనే. నేను వేసే 0.3 పీపీఎం (పది లక్షల్లో 0.3 వంతు) అంటే టన్ను దాణాకు 300 మిల్లీగ్రాముల సెలీనియం, ఒక చిన్న మాత్ర బరువంత. ఒక శాతం సెలీనియం ఉన్న సెలినైట్ ప్రీమిక్స్ అయితే 30 గ్రాములు, 2000 పీపీఎం ఈస్ట్ అయితే 150 గ్రాములు. ఆ 30 గ్రాములు ఒకే మూల ఉండిపోతే కొన్ని కోళ్లకు అందదు, కొన్నిటికి ఎక్కువైపోతుంది. ఎక్కువైతే ఇది విషమే. దాణాలో 5 పీపీఎంకి చేరితే గుడ్లు సరిగ్గా పొదగవు, లోపల పిండాలు అవకరాలతో పెరుగుతాయి. అందుకే ముందు రెండు కిలోల తవుడులో కలిపి, దాన్ని ఇరవై కిలోల మక్క పిండిలో కలిపి, ఆ తర్వాతే మిక్సర్‌లో వేయిస్తాను. గ్లౌజులు, మాస్కు లేకుండా ఆ డబ్బా మూత తీయనివ్వను. ఈ విషయంలో పనివాళ్లతో ఎన్నిసార్లు గొడవపడ్డానో లెక్కలేదు.

ఈస్ట్ వైపు నన్ను తిప్పింది అల్వాల్‌లో ఎగ్ దోసె బండి నడిపే మా పాత గిరాకీ. ఒక మే నెలలో ఫోన్ చేసి, "అన్నా, మీ గుడ్డు కొడితే పెనం మీద నీళ్లలా పారుతుంది, పచ్చసొన నిలవట్లేదు" అన్నాడు. అప్పుడు నా బ్యాచ్‌కి డెబ్బై వారాలు. ముదురు కోళ్లు, ఎండలు, గుడ్డు నిల్వ ఉండటం, మూడూ తెల్లసొనను పలచబరుస్తాయి. మరుసటి ఎండాకాలం షెడ్డును రెండుగా విడగొట్టి, ఒక వరసకు సెలినైట్, ఇంకో వరసకు ఈస్ట్, అదే 0.3 లెక్కన రెండు నెలలు వేశాను. రెండు వైపుల గుడ్లనీ ఏసీ లేని స్టోర్‌లో వారం ఉంచి అద్దం పళ్లెం మీద పగలగొట్టాం. సెలినైట్ వైపు తెల్లసొన అంచుదాకా పరుచుకుంది. ఈస్ట్ వైపు పచ్చసొన చుట్టూ చిక్కటి వలయంలా నిలబడింది. మా ఆవిడ రెండు పళ్లాల కింద అంగుళాల గీతల కాగితం పెట్టి మరీ చూసింది. గుడ్ల సంఖ్యలో మాత్రం నాకు తేడా కనిపించలేదు. గుడ్లు పెరుగుతాయని చెప్పి అమ్మేవాళ్ల మాట నేను నమ్మను.

తెల్లసొన అలా నిలబడటానికి కారణం ఈస్ట్‌లో ఉండే సెలినోమెథియోనిన్, అంటే గంధకం బదులు సెలీనియం ఉన్న మెథియోనిన్ (ప్రోటీన్లు కట్టే అమైనో ఆమ్లం). కోడి ఒంట్లో అది మెథియోనిన్ దారిలోనే వెళ్లి, దాని బదులు ప్రోటీన్లలో కూర్చుంటుంది. అలా కండలోకి, గుడ్డులోకి చేరి నిల్వ ఉంటుంది. సెలినైట్‌కి ఆ నిల్వ లేదు, ఎక్కువైనది చాలావరకు బయటికి పోతుంది. ఈ నిల్వ గుణం వల్లనే యూరప్‌లో ఈస్ట్‌లాంటి ఆర్గానిక్ రూపంలో కలిపే సెలీనియంకి 0.2 పీపీఎం అని విడిగా పరిమితి పెట్టారు. ఎక్కువ వేస్తే ఎక్కువ లాభం అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇక నా మనసు బాగా నొచ్చుకున్న సంగతి. ఈస్ట్ మొదలుపెట్టిన మూడో ఏడు ఒక డీలర్ తక్కువ ధరకు ఆర్గానిక్ ఈస్ట్ సంచి ఇచ్చాడు. రిపోర్టులో మొత్తం సెలీనియం 2000 పీపీఎం సరిగ్గానే ఉంది. కానీ ఆ ఎండాకాలం పళ్లెం మీద తెల్లసొన మళ్లీ పారింది. అనుమానం వచ్చి గుడ్లను ల్యాబ్‌కి పంపితే, అందులో సెలీనియం సెలినైట్ బ్యాచ్ గుడ్లలో ఉన్నంతే వచ్చింది. మామూలు ఈస్ట్‌లో సెలినైట్ కలిపినా మొత్తం లెక్క సరిపోతుంది కదా! అందుకే ఇప్పుడు సంచి మీద పీపీఎం చూసి వదిలేయను, అందులో సెలినోమెథియోనిన్ ఎంత శాతం అని రాతపూర్వకంగా అడుగుతాను. మంచి ఈస్ట్‌లో 60 శాతం పైనే ఉండాలి. చెప్పడానికి తటపటాయించిన చోట కొనను.

బర్రెల విషయంలో నాకు ఊగిసలాట లేదు, ఈస్టే. సెలినైట్‌లో కొంత భాగాన్ని పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు కరగని రూపంలోకి మార్చేస్తాయి, అది పేడలో పోతుంది. ఈనడానికి రెండు నెలల ముందు నుంచి ఈస్ట్, విటమిన్ ఇ మినరల్ మిక్స్చర్‌తో ఇస్తున్నాను. అంతకుముందు రెండు ఈతల్లో మాయ పడక పశువుల డాక్టర్‌ని రాత్రిపూట పిలవాల్సి వచ్చిన మా పెద్ద బర్రెకు, ఆ తర్వాత మూడు ఈతల్లోనూ మాయ దానంతట అదే పడింది. అదంతా ఈస్ట్ ఘనతేనని చెప్పను, ఈనే ముందు పాలు ఆగిన కాలంలో మేత కూడా మార్చాను. అయినా ఇక ఆపే ధైర్యం నాకు లేదు.

ఖర్చు పోల్చేటప్పుడు సంచి ధర చూడకండి. టన్ను దాణాకు 300 మిల్లీగ్రాములు వేయడానికి ఎంత పడుతుందో లెక్కకట్టండి. నా లెక్కలో ఈస్ట్ ఎప్పుడూ ఎక్కువే వస్తుంది, ఏడాదంతా వేస్తే లేయర్‌లో గిట్టదు. అందుకే శివరాత్రి దాటాక మొదలుపెట్టి, వానలు పడ్డాక ఆపుతాను. ఇప్పుడున్న బ్యాచ్‌కి 66 వారాలు. సంచులు నిన్న దిగాయి, రిపోర్టు చేతికి వచ్చాకే మూట విప్పమని మిక్సర్ దగ్గర చెప్పి వచ్చాను.