“వయసు తగ్గించే హార్మోన్” ఇంజెక్షన్లు ఆన్‌లైన్‌లో కొంటున్నారా? జాగ్రత్త!

ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే దయచేసి పూర్తిగా చదవండి.

“మీ ఇమ్యూనిటీ మళ్లీ పాతికేళ్ల వయసుకు వస్తుంది” అన్న వాట్సాప్ ప్రకటన చూసి మా నాన్నగారు గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు తెప్పించుకున్నారు. అమ్మినవాళ్లు డాక్టర్ చీటీ అడగలేదు, షుగర్ ఉందా అనైనా అడగలేదు. డబ్బు మాత్రం ముందే కట్టించుకున్నారు. మే నెల ఎండల్లో వచ్చిన థర్మోకోల్ డబ్బా తెరిస్తే లోపల జెల్ ప్యాక్ గోరువెచ్చగా ఉంది. ఈ మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి! సీసా మీద బ్యాచ్ నంబరు లేదు, తయారీ లైసెన్సు నంబరు లేదు. ఎక్స్‌పైరీ తేదీ మీద ఇంకో స్టిక్కర్ అంటించి ఉంది.

కొన్ని వారాలకే నాన్నగారి పాదాలు వాచాయి, ఉంగరం వేలికి బిగుసుకుపోయింది. అదుపులో ఉన్న షుగర్ ఒక్కసారిగా పెరిగింది. ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) వెంటనే ఆపించేశారు. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే “సీల్ తీశారు, రిఫండ్ రాదు” అని నంబరు బ్లాక్ చేశారు.

అమ్మేవాళ్లు ప్రకటనతో పాటు పంపే పరిశోధన నిజమైనదే. అందుకే చదువుకున్నవాళ్లు కూడా నమ్మేస్తున్నారు. రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్ గ్రంథిలో రోగాలతో పోరాడే టి కణాలు తయారవుతాయి. వయసుతో పాటు అది కుంచించుకుపోయి కొవ్వుగా మారుతుంది. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ నుంచి వచ్చే గ్రోత్ హార్మోన్ కూడా వయసుతో తగ్గిపోతుంది. ఆ హార్మోన్‌ను స్రవించే కణాలను ముసలి ఎలుకల్లో పెడితే థైమస్ మళ్లీ పెరిగిందని 1986లోనే రాశారు. 2019లో అచ్చయిన అమెరికా అధ్యయనం మనుషుల మీద చేసింది. కానీ అందులో ఉన్నది 51 నుంచి 65 ఏళ్ల ఆరోగ్యవంతులైన మగవాళ్లు, అదీ 9 మందే. మందు ఇవ్వకుండా పోల్చి చూసిన గుంపే లేదు. పైగా ఈ హార్మోన్ షుగర్ సమస్య తెస్తుందని తెలిసే, దాంతో పాటు షుగర్ మందు మెట్‌ఫార్మిన్, డీహెచ్‌ఈఏ అనే ఇంకో హార్మోన్ కూడా ఇచ్చారు. ప్రకటనలో ఈ ముక్క ఎక్కడా లేదు. షుగర్ పేషెంటుకు ఉత్త హార్మోన్ అంటగట్టడం ఎంత దారుణం!

హార్మోన్ ఎక్కువైతే ఆయుష్షు పెరుగుతుందన్న మాటా నమ్మకండి. ఈక్వడార్‌లో పుట్టుకతోనే గ్రోత్ హార్మోన్ పనిచేయక పొట్టిగా ఉండిపోయినవాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తే వాళ్లలో క్యాన్సర్, షుగర్ చాలా అరుదని 2011లో తేలింది.

నోట్లో కొట్టుకునే “గ్రోత్ హార్మోన్ స్ప్రే”లూ వస్తున్నాయి. గ్రోత్ హార్మోన్ 191 అమైనో ఆమ్లాల ప్రోటీన్. మింగితే కడుపులోనే అరిగిపోతుంది, నాలుక కింద నుంచి రక్తంలోకి వెళ్లలేనంత పెద్దది. అందుకే డాక్టర్లు ఇంజెక్షన్‌గా ఇస్తారు, అదీ నిజంగా లోపం ఉన్నవాళ్లకు, పరీక్షలు చేశాకే.

ఇప్పటికే కొని ఉంటే వాడటం ఆపి డాక్టరుకు చూపించండి. సీసా, డబ్బా పారేయకండి. పేమెంట్ స్క్రీన్‌షాట్, చాట్ దాచిపెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, మీ జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు చేయండి.