క్వాడ్ 2905 ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లు: ఏళ్ల తరబడి విన్నాక

ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్ల పేరెత్తితే రెండు మాటలు వినపడతాయి. గొంతు వినాలంటే వాటిలోనే వినాలి అనేది ఒకటి. బేస్ రాదు, గట్టిగా మోగవు, ఒక్క కుర్చీకే పనికొస్తాయి అనేది ఇంకొకటి. హైదరాబాద్‌లో మా హాల్లో క్వాడ్ అనే ఇంగ్లండ్ కంపెనీ ఈఎస్‌ఎల్-2905 జతను ఏళ్ల తరబడి వింటున్నాను. మొదటి మాట అక్షరాలా నిజం. రెండో మాటలో కొంత నిజం, కొంత కాదు. అందులో నిజమెంతో తెలుసుకోకుండా మాత్రం వీటి మీద అంత డబ్బు పెట్టకూడదు.

మామూలు స్పీకర్లో కాయిల్, అయస్కాంతం, కోను ఉంటాయి. ఎలక్ట్రోస్టాటిక్‌లో అవేవీ లేవు. చిల్లులున్న రెండు పలకల మధ్య, మైక్రాన్లలో కొలిచే పల్చటి ప్లాస్టిక్ పొర బిగించి ఉంటుంది, ఇలాంటి ఒక్కో కూర్పును ప్యానెల్ అంటారు. ఆ పొర మీద వేల వోల్టుల ఛార్జ్ నిలిచి ఉంటుంది. ఆంప్ (యాంప్లిఫయర్) నుంచి వచ్చే సిగ్నల్‌ను ట్రాన్స్‌ఫార్మర్ పెంచి పలకలకు ఇస్తే, ఒక పలక లాగుతుంటే రెండోది నెడుతూ ఆ పొరను ఆడిస్తాయి. పొర బరువు ఎంతో తెలుసా? దాని ముందున్న కొన్ని మిల్లీమీటర్ల గాలికి ఎంత బరువుంటుందో దాదాపు అంతే. అందుకే కదలమంటే కదులుతుంది, ఆగమంటే ఆగుతుంది. ఈ స్పీకర్ గొప్పతనం ముప్పాతిక వంతు అక్కడే ఉంది.

ఇంగ్లండ్‌లోని హంటింగ్‌డన్‌లో క్వాడ్ స్థాపకుడు పీటర్ వాకర్ మొదటి క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్‌ను 1957లో తెచ్చారు. అందులో ట్రెబుల్ (పై స్వరాలు) సన్నటి దారిలోనే వచ్చేది, తల కాస్త కదిపితే మారిపోయేది. దానికి విరుగుడు వెతుకుతూ 1963లో మొదలుపెట్టిన పని 1981లో ఈఎస్‌ఎల్-63గా బయటికొచ్చింది. నడిమి ప్యానెళ్ల పలకలను వలయాలుగా విభజించి, లోపలి వలయం నుంచి బయటి వలయానికి సిగ్నల్ కొద్దికొద్దిగా ఆలస్యంగా చేరేలా చేశారు. దాంతో ధ్వని వెడల్పాటి పలక నుంచి కాకుండా, దాని వెనక సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్న ఒక బిందువు నుంచి వస్తున్నట్టు అనిపిస్తుంది. 2905లో కూడా ఇదే పద్ధతి. కాకపోతే 63లో నాలుగు ప్యానెళ్లు ఉంటే ఇందులో ఆరు, ఎక్కువైన రెండూ బేస్ కోసమే. కంపెనీ చేతులు మారి ఇప్పుడు ఐఏజీ (ఇంటర్నేషనల్ ఆడియో గ్రూప్) సంస్థ కింద ఉంది, ఈ మోడల్ తయారైంది చైనాలో.

ఇక అసలు సంగతి, వినడం. చిట్టిబాబు గారి వీణ పెట్టండి. మీటు పడగానే తీగకు వేలు తగిలిన చప్పుడు ముందు, నాదం వెనక, రెండూ విడివిడిగా తెలుస్తాయి. ఎడమచేతి వేలు మెట్టు మీద తీగను పక్కకు లాగి గమకం పలికిస్తుంటే, ఆ నాదం సన్నగిల్లి ఆరిపోయేదాకా చెవి దాని వెంటే పోతుంది. నేను అంతకు ముందు వాడిన కోను స్పీకర్లలో ఆ చివరి భాగం తంబురాలో కలిసిపోయేది. ఇక్కడ తంబురా తన చోట తాను ఉంటుంది. బాలమురళీకృష్ణ గారు మంద్రంలోకి దిగినప్పుడు గొంతు లావెక్కదు, ఛాతీలోంచి బయలుదేరినట్టు ఉంటుంది. ఘంటసాల గారి పాత మోనో పాటల్లో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని వచ్చే పాటల్లో, రెండు స్పీకర్ల నట్టనడుమ మనిషి నిలబడతాడు, చరణానికి ముందు ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తుంది. టేపు హిస్ వినపడుతుంది, కానీ గొంతుకు అంటుకోకుండా పక్కన ఉంటుంది. ఈ ఒక్క విషయంలో వీటికి సాటి వచ్చేది ఇంతవరకు నా చెవిన పడలేదు.

బేస్ లేదనేవాళ్లు మృదంగం వినాలి. ఎడమ వైపు గుమికీ, అంటే జారే ఆ లోతైన నాదం, ఎంత లోతుగా మొదలై ఎలా పైకి జారుతుందో అంతా తెలుస్తుంది. లేనిది బలం. ప్యానెల్ ముందుకూ వెనక్కీ సమానంగా మోగుతుంది కాబట్టి, కింది స్వరాల్లో వెనక తరంగం చుట్టు తిరిగి వచ్చి ముందు దాన్ని కొట్టేస్తుంది. పైగా ఆ పొర ఎక్కువ దూరం ఊగలేదు. ఇప్పటి సినిమా పాటల్లో గుండెల మీద గుద్దే డ్రమ్ముల కోసం కొనేవాళ్లకు ఇవి వద్దు. అమెరికన్ కంపెనీ మార్టిన్‌లోగన్ చాలా మోడళ్లలో ప్యానెల్ కింద వూఫర్ (బేస్ కోసం కోను స్పీకర్) పెడుతుంది, అలాంటి వినికిడి ఇష్టమైతే అది మేలైన దారి. క్వాడ్‌కు విడిగా సబ్‌వూఫర్ కలపడం నాకు నచ్చలేదు. మోత వచ్చింది, మృదంగంలోని ఆ స్పష్టత పోయింది.

గది విషయంలో రాజీ లేదు. వెనక గోడకు కనీసం మీటరు దూరం ఇవ్వాలి. గోడకు ఆనిస్తే వెనక్కి వెళ్లిన శబ్దం వెంటనే తిరిగొచ్చి గొంతును పులిమేస్తుంది. మన ఇళ్లలో విట్రిఫైడ్ టైల్స్, గాజు తలుపులు మామూలే కదా. నేల మీద మందపాటి తివాచీ, వెనక పుస్తకాల అర పెట్టాకే మా హాలు దారికొచ్చింది. ఒక లాభం కూడా ఉంది. ప్యానెల్‌కు సరిగ్గా పక్కన, అంచు వైపు నిలబడితే శబ్దం ఒక్కసారిగా తగ్గిపోతుంది, అందుకే పక్క గోడల గోల తక్కువ. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే మాత్రం ఆ సన్నటి వివరాలన్నీ దాని హోరులోనే పోతాయి. ఇంత డబ్బు పోసి ఫ్యాన్ కింద వినడం కన్నా చిన్న స్పీకర్లు కొనుక్కోవడం నయం.

ఇంట్లో నలుగురూ కలిసి వినడానికి ఇవి కావు. 63 నుంచి వచ్చిన ఆ వలయాల పుణ్యమా అని సోఫా చివర కూర్చున్న మా అమ్మకు కూడా పాట బాగానే ఉంటుంది. కానీ మనిషి ఎదురుగా నిలబడి పాడుతున్నట్టు ఉండేది మధ్య సీటులోనే.

హైదరాబాద్ దుమ్ము, వానాకాలం చెమ్మ వీటికి శత్రువులు. ఛార్జ్ ఉన్నచోటికి దుమ్ము వెతుక్కుంటూ వస్తుంది. ప్యానెల్ మీద పల్చటి రక్షణ పొర ఉంటుంది కానీ, వాడనప్పుడు స్విచ్ ఆపి నూలు దుప్పటి కప్పడం నా అలవాటు. జులై, ఆగస్టుల్లో వినడానికి ముందు కాసేపు ఏసీ డ్రై మోడ్‌లో నడుపుతాను. చెమ్మ ఎక్కువైతే ఛార్జ్ కారిపోయి శబ్దం తగ్గుతుంది. కరెంటు పోయి వచ్చాక వెంటనే తీర్పు చెప్పకండి, ఛార్జ్ మళ్లీ పూర్తిగా ఎక్కాలి. ఆంప్ కూడా చూసి ఎంచుకోవాలి. ఇవి విద్యుత్తుపరంగా కెపాసిటర్ లాంటివి, ట్రెబుల్ వైపు వెళ్లేకొద్దీ ఇంపెడెన్స్ (కరెంటుకు అడ్డు) పడిపోతుంది. అన్ని ఆంప్‌లూ దాన్ని తట్టుకోలేవు.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు రెండు స్పీకర్లకూ ఒకే మోనో పాట ఇచ్చి, గొంతు నడుమ నిలుస్తుందో లేదో చూడండి. ఒక పక్కకు జరిగితే ఆ రెండోవైపు ప్యానెల్ బలహీనపడిందని అనుమానించాలి. తర్వాత పాట ఆపి, దగ్గరగా చెవి పెట్టి వినండి. దోమల బ్యాట్‌లో దోమ పడ్డప్పుడు వచ్చే చిటపట లాంటిది ఏమాత్రం వినపడినా లోపల ఆర్కింగ్ (నిప్పురవ్వలు ఎగరడం) జరుగుతున్నట్టే. పాత ఎలక్ట్రోస్టాటిక్ ప్యానెళ్లలో జిగురు ఊడటం కూడా మామూలే. వాటిని మళ్లీ కట్టి ఇచ్చేవాళ్లు ఇంగ్లండ్‌లో, జర్మనీలో ఉన్నారు. ఇంత బరువైన వస్తువును అక్కడికి పంపి తెప్పించుకునే ఖర్చును ముందే ధరలో తగ్గించి అడగండి.