పిస్ట్రుచ్చి, వయాన్: ఒకే టంకశాల, ఇద్దరు చెక్కుడు నిపుణులు

లండన్ రాయల్ మింట్‌లో ఒకే కాలంలో పనిచేసినా ఇద్దరికీ పొంతనే లేదు. రోమ్‌లో పుట్టిన బెనెడెట్టో పిస్ట్రుచ్చి రత్నాల మీద బొమ్మలు చెక్కేవాడు. 1817 సావరిన్ బంగారు నాణెం మీద గుర్రమెక్కి డ్రాగన్‌తో తలపడే సెయింట్ జార్జ్ ఆయన చేతి పనే. ఆ బొమ్మ ఇప్పటికీ వస్తోంది. అయినా విదేశీయుడని చీఫ్ ఎన్‌గ్రేవర్ (ప్రధాన చెక్కుడు నిపుణుడి) పదవి ఇవ్వలేదు. ఆయనా తక్కువవాడేం కాదు, నెపోలియన్ ఓడిన వాటర్లూ యుద్ధానికి గుర్తుగా చేయమన్న పతకాన్ని ముప్పై ఏళ్లు సాగదీశాడు!

విలియం వయాన్‌ది తరతరాల చెక్కుడు కుటుంబం. 1828లో ఆ పదవి ఆయనకే దక్కింది. మన దగ్గర చెలామణి అయిన 1840 ఈస్టిండియా కంపెనీ రూపాయి మీద విక్టోరియా రాణి తల ఆయన చెక్కిందే. కొన్నిటిలో మెడ అంచున సన్నగా ఆయన పేరు పొడి అక్షరాలు ‘డబ్ల్యూ.డబ్ల్యూ.’ కనిపిస్తాయి, భూతద్దం పెట్టి చూడండి. చేతి పనితనంలో నా ఓటు పిస్ట్రుచ్చికే. టైముకు పని కావాలంటే మాత్రం వయాన్‌నే పిలుస్తాను.