ఫూబార్2000: చూడ్డానికి ఏం బాగోదు, పాటలు వినడానికి మాత్రం ఇదే

హార్డ్ డిస్క్‌లో ఇంకా ఎంపీ3 ఫోల్డర్లు దాచుకున్నవాళ్ల కోసం రాస్తున్నా. పాటలన్నీ ఫోన్ యాప్‌లోనే వినేవాళ్లకి దీంతో పెద్ద పనుండదు.

ఫూబార్2000 అంటే కంప్యూటర్‌లో పాటలు వినే ఫ్రీ ప్లేయర్. కొత్తదేం కాదు, 2002 డిసెంబర్‌లోనే వచ్చింది. చేసినాయన పీటర్ పావ్లోవ్‌స్కీ, అంతకుముందు నల్‌సాఫ్ట్‌కి, అంటే విన్‌యాంప్ అనే పాటల ప్లేయర్ చేసినవాళ్లకి కాంట్రాక్టు మీద పనిచేశాడు. విన్‌యాంప్ గుర్తుందిగా, అప్పట్లో ఏ నెట్ సెంటర్‌కెళ్లినా ఉండేది, సగం టైం స్కిన్లు (ప్లేయర్ రూపం మార్చే డిజైన్లు) మార్చుకోడానికే సరిపోయేది. ఫూబార్ దానికి పూర్తిగా రివర్స్. ఓపెన్ చేస్తే ఎక్సెల్ షీట్ లాగా ఒక లిస్టు, పైన నాలుగు బటన్లు, అంతే. 2023లో 2.0 వచ్చాక డార్క్ మోడ్ ఇచ్చారు కాబట్టి కొంచెం నయం. ఇన్‌స్టాలర్ పది ఎంబీ కూడా ఉండదు, యాడ్స్ లేవు, లాగిన్ అడగదు, పాత ల్యాప్‌టాప్‌లో కూడా క్లిక్ చేయగానే టక్కున ఓపెన్ అవుతుంది.

ఇంక అసలు విషయం, నేను దీన్ని వదలకపోవడానికి కారణం వాల్యూమ్. మన కలెక్షన్లు ఎలా ఉంటాయో తెలుసుగా, ఒక ఘంటసాల పాట క్యాసెట్ నుంచి ఎక్కించింది చిన్నగా వినిపిస్తుంటే సౌండ్ పెంచుతాం, దాని వెనకాలే ఈమధ్య సినిమా పాట ఒకటి వచ్చి చెవులు చిల్లులు పడతాయి. ఫూబార్‌లో రీప్లేగెయిన్ అని ఉంటుంది. పాటలన్నీ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్ కొట్టి స్కాన్ పెడితే ప్రతి పాట ఎంత గట్టిగా ఉందో లెక్కేసి ఆ నంబర్‌ని ట్యాగ్‌లో (ఫైల్‌లోనే పాట వివరాలు దాచే చోట) రాసి పెడుతుంది, ప్లే చేసేటప్పుడు దాన్ని బట్టి తగ్గించడమో పెంచడమో చేస్తుంది. పాట ఆడియోని అసలు ముట్టుకోదు, కాబట్టి క్వాలిటీ పోతుందేమో అన్న భయం అక్కర్లేదు. అన్నీ కలిపి షఫుల్‌లో వినేవాళ్లు ట్రాక్ మోడ్ పెట్టుకోండి, ఆల్బమ్ మొత్తం వరసగా వినేవాళ్లు ఆల్బమ్ మోడ్. పెద్ద కలెక్షన్ అయితే రాత్రి స్కాన్ పెట్టి పడుకోవడం బెటర్.

రెండోది ట్యాగులు. తెలుగు ఎంపీ3లు ఎక్కడెక్కడో దించుకున్నవే కదా, ఆర్టిస్ట్ దగ్గర వెబ్‌సైట్ పేరు, ఆల్బమ్ దగ్గర వెబ్‌సైట్ పేరు, ఆఖరికి పాట పేరు పక్కన కూడా అదే, పాడినోళ్ల పేరు మాత్రం ఎక్కడా ఉండదు. ఇందులో సినిమా మొత్తం ఒకేసారి సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్‌లో ఆల్బమ్ పేరు ఒక్కసారి కొడితే అన్నిటికీ పడిపోతుంది. ఫైల్ పేరులో వివరాలు సరిగ్గా ఉంటే వాటినే ట్యాగుల్లోకి లాక్కునే ఆప్షన్ ఉంది, ట్యాగుల్ని బట్టి ఫైల్ పేర్లు మార్చే ఆప్షన్ కూడా ఉంది. తెలుగు లిపిలో టైప్ చేసినా బాగానే చూపిస్తుంది, వెతికితే దొరుకుతుంది కూడా. ఈ పని ఒక ఆదివారం కూర్చుని చేసుకుంటే తర్వాత హాయి.

కచేరీలు వినేవాళ్లకి ఇంకో లాభం. సీడీలో రాగం, తానం, పల్లవి వేరే వేరే ట్రాకులుగా కోసి ఉంటాయి, చాలా ప్లేయర్లు మధ్యలో చిన్న గ్యాప్ ఇచ్చి మూడ్ పాడుచేస్తాయి. ఇది గ్యాప్ లేకుండా కలిపేస్తుంది, ఫ్లాక్‌లో (క్వాలిటీ తగ్గకుండా దాచే ఫార్మాట్) అయితే ఎక్కడ అతుకుందో కూడా తెలీదు. ఎంపీ3లో మాత్రం ఫైల్ ఎలా తయారుచేశారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది, మొదట్లో చివర్లో ఎంత ఖాళీ ఉందో ఆ సమాచారం ఫైల్‌లో ఉంటేనే కుదురుతుంది.

ఫార్మాట్లు మార్చే కన్వర్టర్ కూడా ఉంది, కాకపోతే ఎంకోడర్ ప్యాక్ (ఆ ఫార్మాట్లలోకి మార్చే టూల్స్) విడిగా దించుకోవాలి, అదీ ఫ్రీనే.

సరే, నచ్చనివి. లిరిక్స్ కావాలంటే కాంపోనెంట్ (విడిగా తగిలించుకునే ప్లగిన్) వేసుకోవాలి, కొంచెం అందంగా కనిపించాలన్నా కాంపోనెంటే, ప్రిఫరెన్సెస్ ఓపెన్ చేస్తే అదొక మహాసముద్రం. కొత్తోళ్లు అందులోకి దిగి గంటలు గంటలు లేఅవుట్ సర్దుకుంటూ కూర్చుంటారు, పాట మాత్రం ఒక్కటీ వినరు (ఇది ఒక జబ్బు, జాగ్రత్త). ఫ్రీ అయినా ఓపెన్ సోర్స్ కాదు, అది పట్టింపు ఉన్నవాళ్లు చూసుకోండి. లినక్స్‌కి నేరుగా లేదు, వైన్‌లో (లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాములు నడిపే సాఫ్ట్‌వేర్) నడిపించుకోవాల్సిందే, దానికన్నా అక్కడ డెడ్‌బీఫ్ అనే ప్లేయర్ వాడుకోవడం నయం. మ్యాక్‌కి ఉంది గానీ విండోస్‌లో ఉన్నన్ని కాంపోనెంట్లు అక్కడ దొరకవు.

ఇంట్లో నాన్నగారికో అమ్మకో పెట్టివ్వాలంటే నేనైతే ఇది పెట్టను, ఏఐఎంపీ అని ఇంకో ప్లేయర్ పెడతా, బటన్లు పెద్దగా కనిపిస్తాయి, ఫోల్డర్ లాగి పడేస్తే పాడేస్తుంది.

దించుకునేటప్పుడు అఫీషియల్ సైట్ నుంచే దించుకోండి. 32 బిట్, 64 బిట్ రెండూ ఉంటాయి. పాత కాంపోనెంట్లు ఏవైనా వాడాలనుకుంటే ముందు వాటికి 64 బిట్ వెర్షన్ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే 64 బిట్ ఫూబార్‌లో పనిచేయవు, అప్పుడు 32 బిట్ తీసుకోవడమే. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు పోర్టబుల్ అని అడుగుతుంది, అది పెట్టుకుంటే సెట్టింగులన్నీ ఆ ఫోల్డర్‌లోనే ఉంటాయి, రేపు విండోస్ మళ్లీ వేయాల్సొచ్చినా ఫోల్డర్ కాపీ చేసుకుంటే చాలు.