ఏడు రోహిణులు చూసిన గ్రో బ్యాగులు

2018 జూన్‌లో, మృగశిర కార్తె పెట్టిన వారానికి, తెనాలిలో మా డాబా మీదికి 24 గ్రో బ్యాగులు, అంటే మొక్కలు పెంచుకునే సంచులు, ఎక్కాయి. 12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు ఉన్నవి 12. వెడల్పూ ఎత్తూ 18 అంగుళాలు ఉన్నవి 6. వెడల్పు 24, ఎత్తు 12 ఉన్నవి ఇంకో 6. అన్నీ ఆకుపచ్చ హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ అల్లిక సంచులే. యూరియా బస్తా గుడ్డ లాంటిదే, దానికంటే మందం, లోపల పూత, పక్కన రెండు హ్యాండిళ్లు. నిన్న లెక్కపెట్టాను. వాటిలో 14 ఇప్పటికీ మట్టి మోస్తున్నాయి. వెడల్పు సంచుల్లో 5, పద్దెనిమిదంగుళాల వాటిలో 5, చిన్నవాటిలో 4.

కొత్తగా డాబా మీద మొక్కలు పెట్టాలనుకునేవాళ్లు ఎక్కువగా అడిగేది ఈ సంచులు ఎన్నేళ్లు వస్తాయని. ఏడేళ్లు వచ్చినవీ నా దగ్గర ఉన్నాయి, రెండేళ్లకే పొడిపొడి అయినవీ ఉన్నాయి. ఆ తేడా ఎక్కడొచ్చిందో ముందు చెబుతాను.

2020లో అందరం ఇంటిపట్టునే ఉన్నాం కదా అని ఇంకో 10 సంచులు ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఫొటోలో చూస్తే అచ్చం పాతవాటిలాగే ఉన్నాయి, ధర సగం. మొదటి ఎండాకాలం బాగానే గడిచింది. రెండో ఎండాకాలంలో ఒకరోజు వంగమొక్క వాడిపోతోందని సంచిని నీడలోకి జరపబోయాను. హ్యాండిల్ చేతిలోకి వచ్చేసింది, సంచి అక్కడే ఉండిపోయింది. పక్కన వేలితో నొక్కితే గుడ్డ అప్పడంలా విరిగింది. సన్నటి పచ్చ పీచు వేళ్లకు అంటుకుంది. మట్టిలో చూస్తే అందులోనూ అదే పీచు. మేం తినే తోటకూర వేసే మట్టి అది. నాలుగు రోజులు కూర్చుని జల్లెడ పట్టినా మొత్తం పోలేదు. అమ్మినవాళ్లకు ఫొటోలు పంపితే గడువు దాటిపోయిందన్నారు. డబ్బు పోయినందుకంటే ఆ మట్టి పాడైనందుకే ఎక్కువ బాధపడ్డాను.

ఈ గుడ్డ మందాన్ని జీఎస్‌ఎంలో చెబుతారు, అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందని. 220, 240, 260 అని రాస్తారు. రాసినంత మాత్రాన నమ్మకండి. సంచి ఇంటికి రాగానే వంటింటి కాటా మీద పెట్టండి. 18 అంగుళాల సంచికి అడుగూ చుట్టూ కలిపితే సుమారు 0.82 చదరపు మీటర్ల గుడ్డ పడుతుంది. 240 జీఎస్‌ఎం అయితే గుడ్డ ఒక్కటే 195 గ్రాముల పైన ఉండాలి. హ్యాండిళ్లతో కలిపి 200 గ్రాములు కూడా తూగకపోతే వెనక్కి పంపెయ్యండి. నేను ఆ పది సంచులూ పారేసేముందు, మట్టి దులిపి, చిరగకుండా మిగిలినదాన్ని తూచాను. 120 గ్రాములు కూడా లేదు. ఎండకు తట్టుకునే యూవీ పదార్థం గుడ్డలో కలిపారో లేదో ఇంట్లో చూసి చెప్పలేం గానీ, బరువు మాత్రం దాచిపెట్టలేరు కదా.

మంచి సంచుల్లో కూడా ముందు పోయేది కుట్టే. మూడో ఏడాది మూడింటికి అడుగు కుట్టు ఊడింది. పారేద్దామని బయట పెట్టాను. మా అత్తయ్య చూసి, "గుడ్డకేం కాలేదే అమ్మాయ్, దారమే పోయింది" అని దబ్బనం తెమ్మన్నారు. ఊళ్లో ధాన్యం బస్తాలు కుట్టిన చెయ్యి ఆవిడది. నైలాన్ దారంతో రెండు వరసలు కుట్టి ఇచ్చారు. పురికొసతో కుడితే నీళ్లకు ఒక్క వానాకాలంలో కుళ్లిపోతుంది, నైలాన్ దారమే వాడాలి. ఆవిడ కుట్టిన మూడూ ఆ 14లోనే ఉన్నాయి.

ఇక సైజు. 12 అంగుళాల సంచిలో పట్టేది 22 లీటర్ల మట్టి. అది కొత్తిమీరకు, పుదీనాకు, ఒక మిరప మొక్కకు చాలు. టమాటా పెడితే శీతాకాలం నడుస్తుంది, మార్చి దాటితే మధ్యాహ్నం మూడింటికే తల వేలాడేస్తుంది. ఏటా అదే చూశాను. 18 అంగుళాల సంచిలో 75 లీటర్లు పడుతుంది. వంగ, బీర, సొర, చిక్కుడు, కాకర అందులోనే పెడతాను. అయితే నింపాక మట్టి తడిస్తే ఇద్దరు మనుషులు పట్టినా కదలదు, అందుకని ఎక్కడ ఉండాలో ముందే చూసుకుని అక్కడే నింపాలి. నాకు బాగా నచ్చింది 24 అంగుళాల వెడల్పుది. ఎత్తు 12 అంగుళాలే అయినా 89 లీటర్లు పడుతుంది, పాలకూర, తోటకూర, మెంతి, గోంగూర చిన్న మడిలా చల్లుకోవచ్చు. మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తే చిన్న సంచులు నాలుగుకి మించి కొనను.

మట్టి దగ్గర మేం మొదటి ఏడాదే తప్పు చేశాం. మాది డెల్టా, ఎటు చూసినా నల్లమట్టి. పొలానికి అది బంగారం, సంచిలో మాత్రం తడిస్తే బంక, ఎండితే రాయి. బీర పాదు రెండూ పసుపురంగుకు తిరిగి చచ్చిపోయాయి. తర్వాత ఎర్రమట్టి తోలించుకుని, రెండు పాళ్లు దానికి రెండు పాళ్లు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరిపొట్టు, ఒక పాలు రైస్ మిల్లు ఊక బూడిద, సంచికి రెండు గుప్పిళ్లు వేపపిండి కలిపాం. కొబ్బరిపొట్టు ఇటుక నానబెట్టిన మొదటి నీళ్లు పారబోసి, ఇంకోసారి కడిగి వాడండి, అందులో ఉప్పు ఉంటుంది. ఇప్పటికీ ఇదే మిశ్రమం వాడుతున్నాను.

ఇప్పుడు కాలం లెక్కన చెబుతాను. ఈ సంచులు ఏ నెలలో ఏ కష్టం పెడతాయో తెలియకపోతే మంచి గుడ్డ కొన్నా ఉపయోగం లేదు.

మృగశిర, ఆరుద్ర కార్తెల్లో బెండ, గోరుచిక్కుడు, బీర, కాకర విత్తుతాను. ఆషాఢంలో చిక్కుడు. పాత నాటు చిక్కుడు పగలు తగ్గితే గానీ పూత పట్టదు, కాబట్టి తొందరపడి ముందు వేసినా తీగే పెరుగుతుంది. ఆషాఢంలో వేస్తే కార్తీకం నుంచి కాయ మొదలై రథసప్తమి దాకా వస్తుంది. ఈ ఫిబ్రవరిలో సూర్యుడికి రథం కట్టిన కాయలు, నైవేద్యం పెట్టిన ఆకులు మా డాబా మీదివే. అత్తయ్య బజారు చిక్కుడాకులు వద్దని పొద్దున్నే పైకి వెళ్లి కోసుకొచ్చారు.

వానల్లో ఈ సంచులకు వచ్చే కష్టం నీళ్లు నిలవడం. అడుగున నాలుగు చిల్లులే ఇస్తారు, అవి శ్రావణానికి మట్టితో మూసుకుపోతాయి. మేకు ఒకటి ఎర్రగా కాల్చి, అడుగు నుంచి అంగుళం పైన చుట్టూ ఆరు చిల్లులు పెట్టండి. కత్తితో కోస్తే పోగులు ఊడుతూనే ఉంటాయి, కాల్చిన మేకుతో పొడిస్తే అంచు కరిగి అక్కడే అతుక్కుంటుంది. లోపలి వైపు చిల్లులకు అడ్డంగా కొబ్బరి పీచు పెట్టాకే మట్టి పొయ్యాలి.

ఇల్లు కట్టుకున్నవాళ్లు ఈ ముక్క జాగ్రత్తగా చదవండి. మొదటి ఏడాది సంచులు నేరుగా స్లాబు మీదే పెట్టాం. అడుగున తడి ఎప్పటికీ ఆరలేదు. దీపావళికి హాల్లో పైకప్పు మీద చెమ్మ మచ్చ కనిపించింది, సంక్రాంతికి సున్నం పెచ్చులు ఊడింది. అప్పటినుంచి ప్రతి సంచి కిందా ఇటుకలో, ఇనుప స్టాండో తప్పనిసరి. కింద చెయ్యి పెట్టి ఊడ్చగలిగేంత ఎత్తు ఉండాలి. స్టాండు అంచులు పదునుగా ఉంటే పాత గోనెపట్టా మడిచి వెయ్యండి, అలా వెయ్యకనే వెడల్పు సంచి ఒకటి కోసుకుపోయింది. బరువైనవి డాబా మధ్యలో కాకుండా గోడల మీదుగా, దూలాలు వెళ్లే చోట పెట్టుకోవాలి.

తుపాను సంగతి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. బాపట్ల మాకు దూరమేం కాదు. చిక్కుడు పందిరి నిండా కాయ ఉంది. తెలివితక్కువగా ఆ పందిరి కర్రల్ని సంచుల హ్యాండిళ్లకే కట్టి ఉంచాం. రాత్రంతా గాలి. తెల్లారి చూస్తే పందిరి లేచి పిట్టగోడ మీద పడి ఉంది, దానితో పాటు 18 అంగుళాల సంచి ఒకటి నిలువునా చీలిపోయింది. మిగతావి నింపిన బరువుకు కదలకుండా అక్కడే ఉన్నాయి. పందిరి కర్రల్ని గోడకో, విడిగా సిమెంటు డబ్బాల్లో పాతో నిలబెట్టాలి. తుపాను హెచ్చరిక వినగానే తీగ పోయినా సరే, తాళ్లు కోసి పందిరి దించెయ్యాలి.

శీతాకాలంలో ఈ సంచులకు ఏ కష్టమూ లేదు, ఏది వేసినా వస్తుంది. చిక్కుడు చివుళ్లకు పేనుబంక పడితే పొద్దున్నే మంచు తడి మీద బూడిద చల్లుతాను. తగ్గకపోతే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త కుంకుడు రసం కలిపి సాయంత్రం పిచికారీ చేస్తాను.

అసలు పరీక్ష ఎండాకాలమే. ఉగాదికి షేడ్ నెట్ కడతాను, మృగశిరకు విప్పుతాను. మొదట 75 శాతం నీడ నెట్ కట్టాం. బెండ మొక్కలు పాలిపోయి పొడుగ్గా సాగాయి గానీ పూత లేదు. 50 శాతం నెట్ చాలు, అదీ కనీసం ఏడడుగుల ఎత్తున ఉంటే కింద గాలి ఆడుతుంది. నెట్ కట్టినా సాయంకాలం ఎండ పక్కనుంచి కొడుతుంది. ఒక మేలో టమాటా అయిపోయాక సంచి బోర్లించి చూస్తే, పడమటి వైపు వేళ్లన్నీ గోధుమరంగులో ఎండిపోయి ఉన్నాయి, తూర్పు వైపువి తెల్లగా ఉన్నాయి. సంచి గుడ్డకు ఆనుకున్న మట్టి అంత కాగుతుంది. అప్పటినుంచి పడమటి వరసకు తడి గోనెపట్టా కప్పుతున్నాను, మట్టి మీద నాలుగు వేళ్ల మందాన వరిగడ్డి పరుస్తున్నాను. గడ్డి పరిచాక పెద్ద సంచులకు రెండు పూటలా నీళ్లు పొయ్యాల్సిన పని తప్పింది.

నీళ్ల పైపు గురించి కూడా చెప్పాలి. ఎండలో పడి ఉన్న పైపు తిప్పగానే మొదట వచ్చేవి మరిగే నీళ్లు. అవి నేరుగా బెండ నారు మీద పోశాను. సాయంత్రానికి ఆకులు ఉడికినట్టు మెత్తబడ్డాయి. ముందు బకెట్‌లోకి వదిలి, చేతికి చల్లగా తగిలాకే మొక్కకు పట్టాలి.

రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండను నేను మట్టికి వాడుకుంటాను. పంట అయిపోయిన సంచులు పట్టా మీద బోర్లించి, మట్టి పలచగా పరిచి, వారం పది రోజులు ఎండబెడతాను. వేరుపురుగులు బయటపడతాయి, గోరింకలు వచ్చి ఏరుకుని తింటాయి. ఖాళీ సంచుల్ని మాత్రం ఎండలో వదలకండి. కడిగి, నీడలో ఆరబెట్టి, మడిచి మెట్ల కింద పెడతాను. నా సంచులు ఏడేళ్లు రావడానికి ఇది కూడా ఒక కారణమని నా నమ్మకం, ఏటా పది రోజులైనా ఆ గుడ్డకు ఎండ తగలకుండా ఉంటుంది.

పెరడు ఉన్నవాళ్లు ఈ సంచులు కొనక్కర్లేదు. మా అమ్మ వాళ్ల ఊళ్లో ఇంటి వెనక నాలుగు సెంట్ల పెరడు ఉంది. అక్కడ రెండు సంచులు పెట్టి చూస్తే నేలలో వంగ కాసినదాంట్లో సగం కూడా కాయలేదు. ఒక్క పసుపుకు, అల్లానికి మాత్రం సంచే బాగుంది. దుగ్గిరాల నుంచి తెచ్చిన నాలుగు పసుపు కొమ్ములు జూన్‌లో పెద్ద సంచిలో పెడితే, ఆకు ఎండాక ఫిబ్రవరిలో సంచి బోర్లించడమే, పలుగూ పారా అక్కర్లేకుండా దుంప మొత్తం చేతికొచ్చింది. అమ్మ ఇప్పుడు ఆ రెండింట్లో పసుపు తప్ప ఇంకేదీ పెట్టదు.

ఈ ఏడాదికి వెడల్పు సంచులు ఇంకో నాలుగు తెప్పించాను. మొన్ననే వచ్చాయి, కాటా మీద పెట్టి చూశాకే డబ్బులు ఇచ్చాను. మట్టి పట్టా మీద ఎండుతోంది. పాతవాటిలో రెండింటికి హ్యాండిళ్లు వదులయ్యాయి, మృగశిర లోపల కుట్టి పెట్టమని అత్తయ్యకు దబ్బనం, నైలాన్ దారం ఇచ్చాను.